పన్నెండు మైళ్ల అవతలి చెవి

మా అన్న ఎగుమతి సరుకు అన్న సంగతి నాకు వాణిజ్య శాఖవాళ్లు చెప్పేదాకా తెలియదు. మర్యాదగానే చెప్పారు పాపం. టీ ఇచ్చి, బిస్కెట్లు పెట్టి, ఏసీ తగ్గించమంటారా అని అడిగి మరీ చెప్పారు. ఆ బిస్కెట్టు ఇప్పటికీ నా గొంతు దిగలేదు.

మొదటినుంచీ చెబుతాను. మధ్యలోంచి చెబితే మీరు కూడా ఆ ఆఫీసువాళ్లలాగే "ఇందులో తప్పెవరిదంటారు?" అని చల్లగా అడుగుతారు. ఆ ప్రశ్న వింటే నాకు ఒళ్లు మండుతుంది.

నా పేరు గరికిన సత్యవేణి. విశాఖపట్నం జాలరిపేటలో పుట్టాను. పేటలోంచి చదువుకుని ల్యాబ్ పెట్టినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి, ఎవరింట్లో ఫ్రిజ్ పాడైనా నన్నే పిలుస్తారు. మా అన్న పోలిరాజు. అందరికీ పోలన్న. మరబోటు నడిపే సరంగు. ఇంజను పక్కన నిలబడి నిలబడి రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. ఒకసారి వెనకనుంచి సరుకుల ఓడ వస్తూ హారన్ కొడితే అతనికి వినబడలేదు. ఆ ఓడ అల తగిలి బోటు పక్కకి ఒరిగి, ఉన్న వలంతా నీళ్లపాలైంది. మనుషులు బతికారు. ఆ రోజు నుంచీ మా వదిన నూకరత్నం అతన్ని గడప దాటనివ్వలేదు. సముద్రం మీద పెరిగినవాడు ఒడ్డున కూర్చుని ఊరివాళ్ల వలలకి కుట్లు వేసుకుంటూ ఉంటే, చూడటానికి నాకు చేతకాలేదు.

మా పేట పిల్లలందరం గొరక చేప తలలోంచి వచ్చే తెల్లరాయితో ఆడుకున్నవాళ్లమే. ఆ రాయి చేపకి చెవి. దాన్ని అంటిపెట్టుకుని ఉల్లిపొరలాంటి పొర ఒకటుంటుంది. నీళ్లలో ఎంత చిన్న కదలికైనా ఆ పొరకి తెలిసిపోతుంది. చేప అవసరం లేకుండా, గాజు పళ్లెంలో ఆ పొరని పెంచాలని నా పంతం. ఎన్ని పళ్లేలు కుళ్లిపోయాయో లెక్కపెట్టడం మానేశాను. చివరికి ఒకటి బతికింది. ఆ రోజు నాతో పనిచేసే ఇమాన్యుయేల్ దాన్ని జెట్టీ ఈ చివర నీళ్లలో దింపి, తను ఆ చివరికి నడిచి వెళ్లి, ఒక్క బియ్యపుగింజ సముద్రంలో వేశాడు. ఇక్కడ పొరకి తగిలించిన మీటరులో ముల్లు ఎగిరింది. మధ్యలో అలలున్నాయి, బోట్లున్నాయి, హార్బరు రొద అంతా ఉంది. అయినా ఎగిరింది. ఇద్దరం పిచ్చివాళ్లలా బియ్యం డబ్బా ఖాళీ చేశాం.

మనిషి ఒంట్లో ఉన్నదీ చాలావరకు నీరే కదా. గోరంత పొరని ఒక బొత్తాంలో బిగించి చెవి వెనక ఎముకకి ఆనిస్తే, పోయిన చెవి పని అది చేస్తుంది. డాక్టర్లు ఒప్పుకున్నారు, పరీక్షలు జరిగాయి, అనుమతి వచ్చింది. మొదట పెట్టించుకున్న నలుగురైదుగురిలో మా అన్న ఒకడు.

రెండు చెవుల వెనకా బొత్తాలు తగిలించి నేను "అన్నియ్యా" అన్నాను.

మా అన్న ఉలిక్కిపడి మొహం చిట్లించాడు. "అంత గొంతేసుకుని అరుస్తావేటే? సిన్నప్పుడూ ఇలగే అరిసీదానివి."

వదిన చాలాసేపు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. తర్వాత మొదలుపెట్టింది. "ఇన్నాళ్లూ నాను తిట్టిన తిట్లన్నీ గాలికి పోనాయి కదమ్మా! ఇప్పుడు మల్లీ మొదట్నించీ తిట్టాల మీ అన్నని."

"తిట్టే. ఇంటాను," అన్నాడు అన్న. అంత సంతోషంగా తిట్లు తినేవాణ్ణి నేను మళ్లీ చూడలేదు.

మర్నాడు పొద్దున్నే బోటు కడగటం మొదలుపెట్టాడు.

ఇక్కడ మేము చేసిన పొరపాటు ఒకటుంది. పరీక్షలన్నీ ఆసుపత్రిలో చేశాం. ఆసుపత్రిలో రోగి పడుకుంటే తల కింద దిండు ఉంటుంది. మా వాళ్లు బోటులో పడుకుంటే తల కింద చెక్క ఉంటుంది. ఆ చెక్కకి అవతల సముద్రం ఉంటుంది. జాలరిపేటలో పుట్టినదాన్ని, ఆ మాట నాకు తట్టాలి. తట్టలేదు. చదువు ఎక్కువైతే దిండు అలవాటవుతుంది.

మా అన్న సూర చేపల కోసం బయటి నీళ్లకి వెళ్లాడు. వల దించాక, కాస్త నడుం వాలుద్దామని పడుకున్నాడు. తల చెక్కకి ఆనగానే సముద్రమంతా చెవిలోకి వచ్చిపడింది. రొయ్యల చిటపటలు, గొరకల గుర్రు, ఎక్కడో పోతున్న ఓడ, అన్నీను. కాసేపు నవ్వుకుంటూ విన్నాడట. ఆ తర్వాత వాటన్నిటి కింద ఇంకొకటి వినబడింది. ఎక్కడో పక్కవీధిలో రుబ్బురోలు తిరుగుతున్నట్టు, ఆగకుండా, ఒకటే తీరుగా. అది చేప కాదు. పైన ఓడా లేదు. మెల్లగా, కాస్త దూరంలో వల వేసుకుని ఉన్న మా పేట గురన్న బోటు వైపు పోతోంది.

మా వాళ్లకి ఒక ఆనవాయితీ ఉంది. చేపలు ఎక్కడ పడ్డాయో తమ్ముడికైనా చెప్పరు, దొంగ దిక్కు చూపిస్తారు. కానీ వలకి అడ్డం ఏదైనా తెలిస్తే మాత్రం, మునిగిన బండ కానీ, కొట్టుకొచ్చిన దుంగ కానీ, శత్రువుకైనా చెప్పి తీరాలి. వైర్‌లెస్ సెట్టు తీసి అన్ని బోట్లకీ వినబడేలా అరవాలి. చెప్పనివాడి ఇంట్లో పెళ్లికి ఎవరూ పోరు.

మా అన్న సెట్టు తీసి అరిచాడు. "గురన్నా! వల ఎత్తీరా! నీ కింద పెద్దదొకటి వస్తన్నాది. రోలు తిరిగినట్టు తిరుగుతన్నాది. లైట్‌హౌసుకి తూరుపు మొకాన ఉన్న బోట్లన్నీ వలలు ఎత్తీండి!"

గురన్న ఎత్తేశాడు. తర్వాత ఏమీ జరగలేదు. ఏదో లోపల్లోపల తోసుకుపోయినట్టు బోటు కొద్దిగా ఊగిందని చెప్పాడు, అంతే.

అది మన నావికాదళం వారి జలాంతర్గామి. అది అక్కడ ఉన్న సంగతి ఎవరికీ తెలియకూడదని, ఎవరికీ వినబడకూడదని, దాన్ని కట్టినవాళ్లు ఎంత కష్టపడ్డారో నాకు తెలియదు. మా అన్న చెక్క మీద తలపెట్టి పడుకుని విని, ఊరందరూ వినే సెట్టులో దాని ఆచూకీ చాటేశాడు.

ముందు నావికాదళం జీపులు వచ్చాయి. వచ్చినవాళ్లు మంచివాళ్లే. అన్న కల్లాకపటం లేనివాడని వాళ్లకి ఒక్క పూటలో అర్థమైంది. వాళ్లు వెళ్లిపోయాక వాణిజ్య శాఖనుంచి కబురొచ్చింది.

వాణిజ్య శాఖంటే మాకు అప్పటికి పరిచయమే. విశాఖ ఆఫీసులో రెండో అంతస్తు ఎగుమతుల్ని ప్రోత్సహించే విభాగం. అక్కడి ఆవిడ గొరకపొరని చూసి మురిసిపోయి, విదేశీ ప్రదర్శనలో మాకు స్టాలు ఇప్పిస్తానని వారానికోసారి ఫోన్ చేసేది. "మేడమ్, మన జిల్లా పేరు మారుమోగిపోవాలి" అనేది. ఈసారి పిలిచింది మూడో అంతస్తు. అది ఎగుమతుల్ని ఆపే విభాగం. మధ్యలో మెట్లు తప్ప ఈ రెండు అంతస్తులకీ ఏ సంబంధమూ లేదని నాకు అప్పుడే తెలిసింది.

మూడో అంతస్తు అధికారి ముక్కామల శేషగిరి గారు. సన్నగా, నెమ్మదిగా ఉంటారు. గొంతు పెంచరు. ఎదుటివాడి మీద అరవాలంటే ముందు వాడు కాస్తయినా అరవాలి కదా. ఆయనతో ఆ సుఖం కూడా లేదు.

"మీ పొరని నియంత్రిత వస్తువుల జాబితాలో చేర్చామండీ," అన్నారు. "మామూలు అవసరానికీ, యుద్ధానికీ రెండింటికీ పనికొచ్చే వస్తువు అది. మా అనుమతి లేకుండా దేశం దాటకూడదు."

"మా అన్న దేశం ఎక్కడ దాటాడండీ? చేపలకి వెళ్లాడు."

"ఒడ్డునుంచి పన్నెండు మైళ్ల వరకే మన దేశపు నీళ్లు. ఆ గీత దాటితే పొర దేశం దాటినట్టే. అంటే ఎగుమతి."

"పొర ఆయన తలకి ఉంది!"

"అందుకేనండీ చిక్కు," అన్నారు శేషగిరి గారు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. అది నాకు ఇంకా చిరాకు తెప్పించింది.

నేను అందుకున్నాను. చెవిటివాళ్లకి చెవులిస్తే అది ఆయుధమా అన్నాను. కర్రతో కూడా కొట్టొచ్చు, వెదురు తోటలకి లైసెన్సు పెడతారా అన్నాను. ఆయన అంతా విని, సొరుగులోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టారు. ఒక విదేశీ కంపెనీ మా పొర కావాలని రెండో అంతస్తుకి రాసిన ఆర్డరు. దాని గురించే ఆ ఆవిడ నాకు స్వీట్లు కూడా పంపింది.

"ఒక చెవికి గోరంత చాలు కదండీ?" అన్నారు శేషగిరి గారు. "వీళ్లు తెరచాపలంత తెరచాపలంత అడుగుతున్నారు. అంత పెద్ద చెవులు ఏ దేశంలో ఉన్నాయో మీకేమైనా తెలుసా?"

కాగితం దగ్గరికి లాక్కుని కొలతలు చూశాను. తెరచాపలే.

"తెరచాపంత పొరని నీళ్లలో దింపితే మనవాళ్లది ఒక్కటి కూడా దాగదు. లోపల ఉన్న కుర్రాళ్లవీ ప్రాణాలే. వాళ్లకీ అక్కాచెల్లెళ్లు ఉంటారు."

అది నిజం. అబద్ధమైతే నేను ఆ టేబుల్ మీద ఉన్న టీ కప్పు విసిరి వచ్చేదాన్ని. నిజం కాబట్టి మెట్లు దిగి వచ్చాను. రెండో అంతస్తు దగ్గర ఆ ఆవిడ ఎదురుపడి, "మేడమ్, స్టాలుకి బ్యానరు తెలుగులో వేయిద్దామా ఇంగ్లీషులో వేయిద్దామా?" అని అడిగింది.

ఆ తర్వాత నెలలన్నీ గీత ఇవతలే గడిచాయి. అన్న బోటుకి ఒక పెట్టె బిగించారు. పన్నెండో మైలు దగ్గర పడుతుంటే అది కూత పెడుతుంది. సూరలు గీత అవతల ఉంటాయి. వాటికి మన జాబితాలతో పని లేదు కదా. ఇవతల దొరికేది పులుసుకి సరిపోయే చిల్లర చేప. బోటులో పనిచేసేవాళ్లు మొహమాటపడుతూ కొన్నాళ్లు ఉండి, ఒక్కొక్కరే గురన్న బోటుకి మారిపోయారు. అన్న వాళ్లని ఒక్క మాట అనలేదు. "ఆల్లకీ పిల్లలున్నారు కదేటి" అన్నాడు.

బొత్తాలు తీసి ఒడ్డున పెట్టి వెళ్లొచ్చు కదా అని ఒక సలహా వచ్చింది. అలా వెళ్లే కదా ఓడ కింద పడబోయాడు! వదిన ఆ సలహా ఇచ్చినవాణ్ణి చూడాలని ఉందంది. చూపించలేదు నేను.

అనుమతికి దరఖాస్తు పెట్టాం. వస్తువు పేరు, చెవి. వాడేవారు, గరికిన పోలిరాజు. ఉపయోగం, వినడం. గమ్యస్థానం దగ్గర కంప్యూటరు ఆగిపోయింది. ఏదో ఒక దేశం పేరు ఎంచుకోవాలట. నడిసముద్రం ఏ దేశం?

"సంద్రం అని ఎట్టీ," అన్నాడు అన్న, నా పక్కన కూర్చుని.

"తీసుకోదన్నియ్యా. దేశమే కావాలంట."

"సంద్రం కంటే పెద్ద దేశమేటుంది?"

శేషగిరి గారికి ఫోన్ చేస్తే ఆయనకీ తెలియదన్నారు. పై ఆఫీసుకి రాశారు. పై ఆఫీసు ఇంకో శాఖకి రాసింది. వాళ్లు, ఇది మత్స్యశాఖకి సంబంధించినది కాదా అని అడిగారు. నేను ఊరికే ఉండలేదు. ఆ మూడో అంతస్తు మెట్లు ఎక్కి దిగడంలో నా మోకాళ్లు అరిగాయి. ఒక్కోసారి ల్యాబ్‌లో పళ్లెం ముందు కూర్చుని, ఇది కుళ్లిపోయి ఉంటే ఎంత బాగుండేదో అనిపించేది. ఇమాన్యుయేల్ మాత్రం ఆ ఒక్క రుబ్బురోలు చప్పుడు వినబడని పొర పెంచుదామని చూస్తున్నాడు. అది వినబడకుండా చేస్తే ఓడల చప్పుడూ పోతోంది. ఓడలు వినబడని చెవి సముద్రం మీద ఎందుకు? ఇంట్లో టీవీ చూసుకోడానికి పనికొస్తుంది.

ఆఖరికి ఒకరోజు శేషగిరి గారే ల్యాబ్‌కి వచ్చారు. మొహంలో వెలుగు ఉంది. మనిషి మా కోసం నిజంగానే పోట్లాడారు. పైవాళ్లు అన్నట్టు ల్యాబ్ మూయనక్కర్లేదు. ఎదురుచూస్తున్న చెవిటి పిల్లలకి బొత్తాలు చేసి ఇవ్వొచ్చు. పోలిరాజు చెవులతో గీత దాటొచ్చు. ఒక్కటే షరతు, అది తప్పితే ల్యాబ్‌కి సీలు. తయారుచేసినవారూ, వాడేవారూ ఇద్దరూ సంతకం పెట్టాలి. "ఈ పొర ద్వారా సముద్రంలో విన్న దేనినీ, ఏ వ్యక్తికీ, ఏ రూపంలోనూ, ఏ కారణం చేతనూ తెలియపరచము" అని.

"ఏదైనా ప్రమాదం వినబడితే?" అన్నాను.

"మాకు తెలియజేయండి. మేము సంబంధిత వ్యక్తులకి తెలియజేస్తాం."

నేను అక్కడే సంతకం పెట్టేశాను. రెండో సంతకం కోసం కాగితం పట్టుకుని పేటకి పరుగెత్తాను.

వదిన పొయ్యి దగ్గర నెత్తళ్ల చేపలు వేయిస్తోంది. అన్న అరుగు మీద వల కుడుతున్నాడు. కాగితం చదివి వినిపించాను. వదిన గరిటె పట్టుకునే బయటికి వచ్చి దణ్ణం పెట్టింది. అన్న మాత్రం "ఆ ఆఖరుది మల్లీ సదువు," అన్నాడు.

మళ్లీ చదివాను.

"అంటే, కింద అదొస్తన్నట్టు నాకు ఇనబడతాది. గురన్న దాని మీదే వలేస్తన్నాడనుకో. నాను నోరు మూసుకుని సూస్తా కూసోవాలి. అంతేనా?"

"మూసుకోనక్కర్లేదు. ఆఫీసుకి చెప్పాలి."

"ఆఫీసోల్లు గురన్నకి సెప్తారా?"

"సంబంధిత వ్యక్తులకి..."

"గురన్నకి సెప్తారా?"

వల దానికి తగులుకుంటే తాడు తెగేలోపల బోటు తలకిందులైపోతుందని మా ఇద్దరికీ తెలుసు. చిన్నప్పుడు మా పేటలో అలా మునిగిన బండకి తగులుకుని పోయిన బోటు ఉంది. మనుషులు రాలేదు.

"అన్నియ్యా, అది ఎప్పుడో కోటికోసారి జరుగుతుంది," అన్నాను. "సంతకం పెట్టు. అంతగా అలాంటిది వస్తే అప్పుడు చెప్పేద్దువుగాని. ఎవడు చూడొచ్చాడు?"

"సెప్పనని రాసిచ్చి సెప్పమంటావా? మరి సంతకమెందుకే?"

"నీ చెవుల కోసం! బోటు కోసం! ఎన్ని నెలలు తిరిగానో తెలుసా నీకు? ఎంతమంది కాళ్లు పట్టుకున్నానో తెలుసా?"

"తెలుసు," అన్నాడు మెల్లగా. "నువ్వు సేసినదానికి నా తోలుతో సెప్పులు కుట్టించినా సాలదు. కాని సత్తెమ్మా, ఇనీసి సెప్పకుండా ఉండాలంటే నాకు సెవులెందుకు?"

చెవి వెనకకి చెయ్యి పెట్టాడు. బొత్తాలు రెండూ తీసి నా అరచేతిలో పెట్టి, నా వేళ్లు మూశాడు. అవి ఇంకా వెచ్చగా ఉన్నాయి.

నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. మొండివెధవ అన్నాను. పెద్దంతరం చిన్నంతరం చూడలేదు. నీ పంతం కోసం వదిన ఉసురు పోసుకుంటావా అన్నాను. నీకసలు నా పొర పెట్టడమే నా బుద్ధి తక్కువ అన్నాను. ఏడుస్తూ అరిచాను. అన్న నా మొహంలోకి చూస్తూ, చిన్నగా నవ్వుతూ తల ఊపుతున్నాడు. ఒక్క ముక్క వినబడటం లేదని అప్పుడు గుర్తొచ్చింది. పొయ్యి మీద నెత్తళ్లు మాడుతున్న వాసన వేసింది. వదిన కదలలేదు.

సంతకం పెట్టనివాడి దగ్గర బొత్తాలు ఉండకూడదట, వాణిజ్య శాఖకి అప్పగించాం. ల్యాబ్ నడుస్తోంది. దానికి నా సంతకం ఉంది కదా, పిల్లల తరఫున వాళ్ల పెద్దవాళ్లు పెడతారు. మొన్న ఒక చిన్నపిల్లకి పెడితే, వాళ్లమ్మ గాజుల చప్పుడు విని గాజులన్నీ లాగేసుకుంది. అలాంటివి చూసినప్పుడు ఇంటికి వెళ్లి ఎవరితోనైనా చెప్పాలనిపిస్తుంది. అన్నకి చెప్పాలంటే ఇప్పుడు సైగలు చెయ్యాలి.

అన్న మళ్లీ అరుగు మీదికి వచ్చాడు. బోటు గురన్న అల్లుడికి అద్దెకి ఇచ్చారు. ఇంటి డాబా మీద ఏరియల్, గదిలో వైర్‌లెస్ సెట్టు మాత్రం అలాగే ఉన్నాయి. బోట్ల మాటలు వినబడుతుంటే ఇల్లు ఇల్లులా ఉంటుందని వదిన దాన్ని ఆపదు. సముద్రంలో ఉన్నవాళ్లు అలవాటు కొద్దీ ఇంకా అడుగుతూనే ఉంటారు. "పోలన్నా, అడుగున ఏటైనా ఉన్నాదా?" అని. "ఆయనకి ఇనబడదర్రా" అని వదిన జవాబిస్తుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం వదిన చేపల బజారుకి వెళ్లింది. నేను అన్న పక్కన కూర్చుని అన్నం తింటున్నాను. సెట్టులోంచి గురన్న గొంతు వచ్చింది. "పోలన్నా, లైట్‌హౌసుకి తూరుపున ఉన్నాం. సేప బాగా కనబడతన్నాది. అడుగున ఏటైనా ఉన్నాదా? వలేసీమంటావా?"

అది నవ్వులాటకి అడిగినట్టే ఉంది. నేను మాత్రం ఎందుకో ఎడంచేత్తో ఫోన్ తీశాను. జెట్టీ కింద నీళ్లలో మా ల్యాబ్ పొర ఒకటి ఎప్పుడూ ఉంటుంది. అది వినేది నా ఫోన్‌లో గీతలుగా కనబడుతుంది. తూర్పు దిక్కున, లైట్‌హౌసు తిన్నగా, ఆ గీత ఉంది. ఒకటే తీరుగా, ఆగకుండా.

షరతు ప్రకారం శేషగిరి గారికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. ఆఫీసు నంబరుకి చేస్తే ఎవరో ఎత్తారు. ఆదివారం కూడా పనిచేస్తున్నారే అని ప్రాణం లేచొచ్చింది.

"ఓ, మేడమ్! నేను రెండో అంతస్తునండీ. ప్రదర్శన పనులతో ఇవాళ కూడా రావలసి వచ్చింది. మీ స్టాలు నంబరు వచ్చేసింది, గుమ్మం పక్కనే..."

"మూడో అంతస్తులో ఎవరున్నారు?"

"ఇవాళ ఆదివారం కదండీ."

ఫోన్ పెట్టేశాను. సెట్టులో గురన్న తనవాళ్లతో అంటున్నాడు. "ఎవులూ పలకట్లేదర్రా. ఏసీండి వల."

సెట్టు మైకు నా చేతిలోకి ఎలా వచ్చిందో తెలియదు. అన్నం చేతితోనే పట్టుకున్నాను. ల్యాబ్ గుర్తొచ్చింది. గాజులు లాక్కున్న పిల్ల గుర్తొచ్చింది. ఇంకా పళ్లేల్లో పెరుగుతున్న పొరలు గుర్తొచ్చాయి. ఏ వ్యక్తికీ, ఏ రూపంలోనూ, ఏ కారణం చేతనూ. ఎవరి మీద అరవాలో తెలియక నా మీద నేనే అరిచినట్టు అరిచాను. ఎన్నేళ్ల తర్వాతో నా పేట మాట నా నోటికి వచ్చింది.

"గురన్నా! వలెయ్యకురా! నీ కింద పెద్దదున్నాది! తూరుపునున్న బోట్లన్నీ వలలెత్తీండి!"

సెట్టు గరగరలాడింది. "ఎవులు మాటాడీది?"

"సత్తెమ్మని! పోలన్న సెల్లిని! ఎత్తీమంటే ఎత్తీరా ముందు!"

కాసేపు అరుపులు, ఇంజను రొద. తర్వాత గురన్న గొంతు, రొప్పుతూ. "ఎత్తీసినామమ్మా."

మైకు బల్ల మీద పెట్టాను. దాని నిండా మెతుకులు. ఫోన్ మోగింది. శేషగిరి గారు. ఇప్పుడు చేస్తున్నారు.

"స్నానంలో ఉన్నానండీ, ఫోన్ చేశారట..."

"చెప్పేశాను సార్," అన్నాను. "సెట్టులో. అందరికీ వినబడేలాగ."

ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "బోటు?"

"బాగానే ఉంది."

"సరే," అన్నారు. ఊపిరి వదిలిన చప్పుడు వినబడింది. "రేపు పొద్దున్న ల్యాబ్‌కి సీలు వెయ్యడానికి నేనే వస్తాను. వేరేవాళ్లని పంపను."

ఫోన్ పెట్టేసి చూస్తే అన్న నా వంకే చూస్తున్నాడు. అతనికి నా అరుపూ వినబడలేదు, గురన్న గొంతూ వినబడలేదు. నా చేతినీ, మైకు మీది మెతుకుల్నీ, నా మొహాన్నీ మార్చి మార్చి చూశాడు.

"సెప్పీసినావేటే?" అన్నాడు.

తల ఊపాను. నాకు ఏడుపు ఆగలేదు.

మా అన్న లేచి, నీళ్ల చెంబు తెచ్చి, చిన్నప్పుడు కడిగినట్టు నా చెయ్యి కడిగాడు.